ఏ ఊరి సెక్టార్ 18?

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో వచ్చి న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగి, ఆటో అతనితో "సెక్టార్ 18" అని చెప్పి చూడండి. బండి కదలదు. "ఎక్కడి సెక్టార్ 18?" అని అడుగుతాడు. నోయిడాలో సెక్టార్ 18 ఉంది, బ్లూ లైన్ మెట్రో అక్కడ ఆగుతుంది. రోహిణిలో సెక్టార్ 18 ఉంది, దానికి ఎల్లో లైన్ ఎక్కాలి. ద్వారకలో ఒకటుంది, గురుగ్రామ్‌లో ఇంకొకటుంది. ఒకటి యమున దాటి ఉత్తరప్రదేశ్‌లో, ఒకటి హర్యానాలో, రెండు ఢిల్లీలోనే చెరొక మూల. చిరునామా నాలుగింటికీ అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. ఊరి పేరు చెబితే తప్ప ఏ ఇంటికీ చేరదు.

నోయిడాలో, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్న మన తెలుగు పిల్లలు రోజూ పడుతున్న ఒక బాధ సరిగ్గా ఇలాంటిదే. ఆ బాధ గురించి ఈ పూట మాట్లాడతాను. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివారు కూడా వినండి. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఫోన్లో "రాత్రంతా ఒక సెట్టింగ్ కోసం కూర్చున్నా" అని చెప్పి ఉంటే, ఆ రాత్రి ఎటు పోయిందో తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నాలు అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గర మనవాళ్లు చాలామంది కలుస్తారు. భోజనానికి వరుసలో నిలబడితే పక్కవాళ్లతో మాట కలుస్తుంది. అలా పరిచయమైన ఒక కుర్రాడు, గుంటూరు వైపు వాడు, నోయిడాలో ఉద్యోగంలో చేరి నెల దాటలేదు, ముఖం వాడిపోయి ఉన్నాడు. నేనూ ఈ పనే చేస్తానని తెలిశాక అన్నాడు: "అన్నా, మూడు రోజుల్నించీ ఫైలు మారుస్తున్నా, ఏం మారలా."

"ఏ ఫైలు మార్చావు తమ్ముడూ?"

"పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ."

"ఎక్కడిది?"

ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే అలాంటి ప్రశ్న ఒకటుందని అతనికి ముందే ఎవరూ చెప్పలేదు.

జరిగింది ఇది. వాళ్ల వెబ్‌సైట్‌లో జనం పెద్ద పీడీఎఫ్‌లు ఎక్కించలేకపోతున్నారు. ఆ వెబ్‌సైట్‌ను నడిపే పీహెచ్‌పీ అనే భాష, మనం ఏమీ మార్చకపోతే ఒక్కో ఫైలుకు 2 ఎంబీ వరకే ఒప్పుకుంటుంది. దాన్ని 20 చేయమన్నారు. చూడ్డానికి ఒక అంకె మార్చే పని. ఇతను తన ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో ఉబుంటు లినక్స్ ఉంది. సెట్టింగులుండే స్లాష్ ఈటీసీ ఫోల్డర్, దాని లోపల పీహెచ్‌పీ, దాని లోపల 8.1, దాని లోపల సీఎల్ఐ, అక్కడ సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ కనిపించింది. అంకె మార్చాడు. వెబ్‌సైట్‌లో ఏ మార్పూ లేదు.

ఎందుకు లేదంటే, ఆ వెబ్‌సైట్ నడుస్తున్నది ల్యాప్‌టాప్‌లోని పీహెచ్‌పీ మీద కాదు. డాకర్ కంటెయినర్‌లో ఉన్న వేరే పీహెచ్‌పీ మీద.

కంటెయినర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. ఒకే పెద్ద ఇంట్లో అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టుకున్నారనుకోండి. పైకప్పు ఒకటే, బావి ఒకటే. కానీ ఎవరి పొయ్యి వారిది, ఎవరి పోపులపెట్టె వారిది. కంటెయినర్లు అలాంటి వేరు కాపురాలు. యంత్రం ఒకటే, లోపల లినక్స్ కెర్నెల్ ఒకటే. కానీ ప్రతి కంటెయినర్‌కూ తనదైన ఫైళ్ల లోకం ఉంటుంది. దాని స్లాష్ ఈటీసీ దానిది. పెద్ద కాపురంలో, అంటే ల్యాప్‌టాప్‌లో, ఇంకో స్లాష్ ఈటీసీ ఉందని చిన్న కాపురానికి తెలియదు.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో పుట్టింది కాదు. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే సీహెచ్‌రూట్ అని ఒకటి వచ్చింది. ఒక ప్రోగ్రాముకు "ఇదే నీ ప్రపంచపు మొదలు" అని ఒక ఫోల్డర్‌ను చూపించే ఉపాయం అది. 2002లో లినక్స్‌కు మౌంట్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. ఒక్కో ప్రోగ్రాముకు ఫైళ్ల లోకం ఒక్కో రకంగా కనిపించే వీలు అప్పుడు దొరికింది. 2013 మార్చిలో అమెరికాలో, శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభలో దాని సృష్టికర్త సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల చిన్న ప్రసంగంలో డాకర్‌ను చూపించారు. అంతవరకూ నిపుణుల చేతుల్లో ఉన్న విద్య ఆ తర్వాత మామూలు ఉద్యోగి ల్యాప్‌టాప్ మీదికి వచ్చేసింది. "నా మెషిన్‌లో బాగానే పనిచేస్తోంది" అనే పాత తగవు తీరడానికి ఇది నిజంగా ఉపయోగపడింది. నేను డాకర్‌కు వ్యతిరేకిని కాను. దానివల్ల నా పని ఎంతో తేలికయింది. కానీ ఆ తగవు తీరుస్తూ అది ఇంకో చిక్కు తెచ్చిందన్నది నేను కళ్లారా చూస్తున్న విషయం.

కుర్రాడి కథకు వద్దాం. కంటెయినర్ లోపలికి వెళ్లాలని రెండో రోజు ఎవరో చెప్పారు. వెళ్లాడు. స్లాష్ ఈటీసీలో వెతికితే పీహెచ్‌పీ ఫోల్డరే లేదు. డాకర్ వాళ్ల అధికారిక పీహెచ్‌పీ ఇమేజ్‌లో, అంటే కంటెయినర్ పుట్టే అచ్చులో, ఆ చోటు వేరు. స్లాష్ యూఎస్ఆర్, లోకల్, ఈటీసీ, పీహెచ్‌పీ. చివరికి అక్కడికి చేరాడు. చూస్తే పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ లేదు. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ హైఫన్ డెవలప్‌మెంట్ అని ఒకటి, హైఫన్ ప్రొడక్షన్ అని ఒకటి, రెండు ఫైళ్లున్నాయి. రెండూ నమూనాలే. ఆ రెంటిలో ఏదీ పీహెచ్‌పీ చదవదు. ఒకదాన్ని మనమే కాపీ చేసి అసలు పేరు పెట్టుకోవాలి. అతనికి అది తెలియదు. ప్రొడక్షన్ అని ఉన్నదే అసలుదనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ ఇమేజ్‌లో ఫైలు దిద్దడానికి ఎడిటర్ కూడా ఉండదు. అది ఎక్కించుకుని, దిద్ది, కంటెయినర్‌ను ఆపి మళ్లీ నడిపాడు. ఏమీ మారలేదు.

ఆ సాయంత్రమే సరైన పేరుతో కాపీ చేశాడు. పీహెచ్‌పీలో అంకె మారింది! సంతోషంగా ఇంటికెళ్లాడు. మర్నాడు పొద్దున టీమ్‌లో ఒకరు, కంటెయినర్లన్నిటినీ కలిపి నడిపే డాకర్ కంపోజ్ అనే సాధనంతో కంపోజ్ డౌన్ కొట్టి, మళ్లీ కంపోజ్ అప్ కొట్టారు. మార్పు మాయం. కంటెయినర్‌ను ఆపి నడిపితే లోపల దిద్దినవి ఉంటాయి. డౌన్ కొడితే కంటెయినర్ తొలగిపోతుంది, దానితోపాటు లోపల రాసుకున్నవన్నీ పోతాయి. కొత్తది ఇమేజ్ నుంచి మళ్లీ పుడుతుంది. ముగ్గు వేసిన వాకిట్లో వాన కురిసినట్టు.

అప్పుడు అతను పద్ధతిగానే వెళ్దామనుకున్నాడు. ఫైలు ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంచి, దాన్ని కంటెయినర్‌లో ఫలానా చోట కనిపించేలా చేయమని కంపోజ్ ఫైల్లో ఒక వరుస రాశాడు. దీన్ని బైండ్ మౌంట్ అంటారు. రాసేటప్పుడు ఫోల్డర్ పేరు ఒక అక్షరం తప్పింది. తప్పితే ఏమవ్వాలి? "ఆ ఫైలు లేదు" అని చెప్పాలి. డాకర్ చెప్పదు. చిన్న పద్ధతిలో వరుస రాసినప్పుడు, మనం చూపించిన ఫైలు లేకపోతే, ఆ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్‌ను తనే సృష్టిస్తుంది. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అనే పేరుతో ఒక ఫోల్డర్! లినక్స్‌లో అది రూట్ అనే సర్వాధికారి పేరు మీద పుడుతుంది కాబట్టి మామూలుగా చెరిపేయడానికి కూడా ఒప్పుకోదు. కంటెయినర్‌లో ఆ చోట ముందే ఫైలు ఉంటే, ఫోల్డర్‌ను ఫైలు మీద మౌంట్ చేస్తున్నారా అని డాకర్ అడ్డం తిరుగుతుంది. ముందు ఏమీ లేకపోతే మౌంట్ గురించి ఒక్క మాట కూడా చెప్పదు. డాకర్ కమాండులోనే మౌంట్ అనే పొడుగు పద్ధతి వాడితే, లేని ఫైలును లేదని చెప్పి ఆగిపోతుంది. కొత్తవారికి ఆ పొడుగు పద్ధతే నేర్పాలని నేను ఎప్పుడూ పట్టుబడతాను.

ఇదంతా దాటాక కూడా కథ అవ్వలేదు. పీహెచ్‌పీ ఇప్పుడు 20 ఎంబీకి ఒప్పుకుంది. అయినా పీడీఎఫ్ ఎక్కలేదు. 413 అనే ఎర్రర్ వచ్చింది. ఎందుకంటే ముందు గుమ్మంలో ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంది. అది ఇంకో కంటెయినర్, ఇంకో కాపురం. ఎంజిన్‌ఎక్స్ మనం చెప్పకపోతే 1 ఎంబీ దాటినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. దాని ఫైలు దాని స్లాష్ ఈటీసీలో, కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఉంది. ఒక్క అంకె కోసం అతను మూడు స్లాష్ ఈటీసీలు తిరిగాడు. ల్యాప్‌టాప్‌ది ఒకటి, పీహెచ్‌పీ కంటెయినర్‌ది ఒకటి, ఎంజిన్‌ఎక్స్ కంటెయినర్‌ది ఒకటి.

ఆ రోజు వరుసలో నిలబడి అతను అన్న మాట నాకు బాధ కలిగించింది. "నాకు ఈ పని రాదేమో అన్నా. కాలేజీలో ఇవేవీ చెప్పలా" అన్నాడు. అతనికి పని వచ్చు. అతను వేసిన ప్రతి అడుగూ ఆలోచనగల మనిషి వేసేదే. చిరునామాలో ఊరి పేరు రాయనివాళ్లు వేరే ఉన్నారు.

దీన్ని పోలినవి ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో డాట్ ఈఎన్‌వీ అనే ఫైలు ముందు చెప్పుకోవలసింది. పేరుకు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా చూస్తే కనిపించదు. ఈ చుక్క ఫైళ్లు దాగిపోవడం కూడా ఎవరూ కావాలని చేసింది కాదని యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ ఒకసారి వివరించారు. తొలినాళ్ల యూనిక్స్‌లో ఫోల్డర్ల జాబితాలో చుక్క, రెండు చుక్కలు అనే రెండు గుర్తులు కనిపించకుండా చేయబోయి, తొందరలో చుక్కతో మొదలయ్యే ప్రతి పేరునూ దాచేశారట. ఆ తొందర ఫలితం మనం ఇప్పటికీ అనుభవిస్తున్నాం.

డాట్ ఈఎన్‌వీ ఫైల్లో డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ లాంటివి రాస్తారు. 2011లో హెరోకు అనే కంపెనీ వాళ్లు రాసిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ అనే మార్గదర్శకం, సెట్టింగులను కోడ్‌లో పెట్టకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచమంది. మంచి సలహా. ఆ వేరియబుల్స్ ఎక్కడో రాసుకోవాలి కదా అని డాట్ ఈఎన్‌వీ ఇంటింటా వెలిసింది. దాన్ని ఎవరు చదువుతారు? కంపోజ్ చదువుతుంది, తన యామల్ ఫైల్లో డాలర్ గుర్తు పెట్టిన ఖాళీలు నింపుకోవడానికి. అలా చదివినంత మాత్రాన ఆ విలువలు కంటెయినర్ లోపలికి వెళ్లవు. లోపలికి వెళ్లాలంటే ఈఎన్‌వీ ఫైల్ అని ఇంకో వరుసలో విడిగా చెప్పాలి. లారావెల్ లాంటి పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయితే కంటెయినర్ లోపల నుంచి అదే పేరున్న ఫైలును తనంతట తాను చదువుతుంది. మీ టెర్మినల్‌లో ముందే అదే పేరుతో విలువ పెట్టి ఉంటే, కంపోజ్ డాట్ ఈఎన్‌వీలోదాన్ని పక్కన పెట్టి ఆ విలువనే తీసుకుంటుంది. లారావెల్‌లో కాన్ఫిగ్ క్యాష్ కమాండ్ ఒకసారి కొట్టి ఉంటే, ఆ తర్వాత డాట్ ఈఎన్‌వీని అసలు తెరవదు. బూట్‌స్ట్రాప్ కింద క్యాష్ ఫోల్డర్‌లో దాచుకున్న పాత విలువలతోనే నడుస్తుంది. ఫైలు పేరు ఒకటి, దాన్ని చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఒక్కొక్కరు ఒక్కో వేళకు చదువుతారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఇంకో తిప్పలు. పాస్‌వర్డ్ మార్చి, కంటెయినర్ మళ్లీ సృష్టించినా పాతదే అడుగుతుంది. ఆ ఇమేజ్ పాస్‌వర్డ్ వేరియబుల్‌ను మొట్టమొదటిసారి, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే పట్టించుకుంటుంది. డేటాను దాచి ఉంచే వాల్యూమ్‌లో పాత డేటా ఉన్నంతకాలం మీరు రాసిన కొత్తది ఉత్త అక్షరాలే. దాని కాన్ఫిగ్ ఫైలు కూడా ఉబుంటులో మామూలుగా ఎక్కిస్తే స్లాష్ ఈటీసీ కింద ఉంటుంది, అధికారిక ఇమేజ్‌లో డేటా ఉన్న చోటే ఉంటుంది.

విండోస్ ల్యాప్‌టాప్‌లు ఇచ్చే ఆఫీసుల్లో, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడతారు. అక్కడ డబ్ల్యూఎస్ఎల్ డాట్ కాన్ఫ్ అని ఒకటి లినక్స్ లోపల స్లాష్ ఈటీసీలో ఉంటుంది. డాట్ డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ అని ఇంకొకటి విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లో ఉంటుంది. మెమరీ ఎంత వాడుకోవాలో రెండోదాంట్లో రాయాలి. మొదటిదాంట్లో రాసి నెలలు గడిపినవాళ్లను చూశాను. ఇంత దగ్గరి పేర్లు ఎందుకు పెట్టారో నాకు నేటికీ అర్థం కాలేదు.

గురుగ్రామ్‌లో చాలా ఆఫీసుల్లో ఇంటర్నెట్‌కు ప్రాక్సీ ద్వారానే వెళ్లాలి. ఇమేజ్‌ను దింపుకునేది డాకర్ ఇంజిన్. కాబట్టి దాని ప్రాక్సీ ఇంజిన్ సెట్టింగుల్లో గానీ, లినక్స్‌లో అయితే సిస్టమ్‌డీ కింద గానీ రాయాలి. కంటెయినర్ లోపలి ప్రోగ్రాములకు కావలసిన ప్రాక్సీ మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ డాకర్, కాన్ఫిగ్ డాట్ జేసన్‌లో రాయాలి. అదీ ఆ తర్వాత సృష్టించిన కంటెయినర్లకే వర్తిస్తుంది. ఇంజిన్ సొంత ఫైలు డీమన్ డాట్ జేసన్ కూడా ఒక్కచోట ఉండదు. మామూలు లినక్స్‌లో స్లాష్ ఈటీసీ, డాకర్ కింద. రూట్ అధికారం లేకుండా నడిపితే హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ కింద. స్నాప్ ద్వారా ఎక్కించి ఉంటే స్లాష్ వార్, స్నాప్ కింద. డాకర్ డెస్క్‌టాప్ అయితే హోమ్ ఫోల్డర్‌లో డాట్ డాకర్ కింద.

ఒక్కోసారి చోటు సరైనదే, ఫైలు సరైనదే, అయినా కంటెయినర్‌కు పాతదే కనిపిస్తుంది. ఒక్క ఫైలును మాత్రమే మౌంట్ చేసినప్పుడు ఇలా జరుగుతుంది. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు పాత ఫైలును దిద్దవు. కొత్త ఫైలు రాసి దానికి పాత పేరు తగిలిస్తాయి. కంటెయినర్ పట్టుకున్నది పేరును కాదు, అసలు ఫైలును. ఇంటి నేమ్‌ప్లేట్ పీకి పక్కింటికి తగిలించినా మనిషి పాత ఇంట్లోనే కూర్చున్నట్టు, అది పాత ఫైలునే చదువుతూ ఉంటుంది. ఫైలుకు బదులు దాని ఫోల్డర్ మొత్తాన్ని మౌంట్ చేస్తే ఈ బాధ తప్పుతుంది.

మరి దారేమిటి? నేను ఆ కుర్రాడికి చెప్పింది ఇదే. ఫైలును వెతకడం మానెయ్. ఫైలును చదివే ప్రోగ్రామునే అడుగు. కంటెయినర్ లోపల పీహెచ్‌పీ అని రాసి, ఒక ఖాళీ ఇచ్చి, రెండు హైఫన్లు, ఐఎన్ఐ అని కొడితే తను ఏ ఫోల్డర్‌లో వెతుకుతుందో, ఏ ఫైలు చదివిందో చెబుతుంది. నువ్వు మొదటిరోజు అడిగి ఉంటే "ఏ ఫైలూ చదవలేదు" అని చెప్పేది. ఎంజిన్‌ఎక్స్‌కు హైఫన్, పెద్ద బడి టీ ఇస్తే తన సెట్టింగులన్నీ, ఏది ఏ ఫైలు నుంచి వచ్చిందో సహా కక్కేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌ను షో కాన్ఫిగ్ అండర్‌స్కోర్ ఫైల్ అని అడిగితే పూర్తి దారి ఇస్తుంది. కంపోజ్‌ను కాన్ఫిగ్ అని అడిగితే ఖాళీలన్నీ నింపిన అసలు రూపం చూపిస్తుంది. డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో మౌంట్స్ అనే భాగం చదివితే మీ ల్యాప్‌టాప్‌లోని ఏ చోటు లోపల ఏ చోటుకు అతుక్కుందో తెలుస్తుంది.

అతను మర్నాడు రాత్రి ఫోన్ చేశాడు. పీహెచ్‌పీ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో నాలుగు వరుసల చిన్న ఫైలు పెట్టి, దాన్ని డాకర్‌ఫైల్ ద్వారా ఇమేజ్‌లోకే కాపీ చేశానని, ఇప్పుడు ఎవరు డౌన్ కొట్టినా పోదని చెప్పాడు. గొంతులో ధైర్యం వినిపించింది.

ఇక సీనియర్లతో, టీమ్‌లు నడిపేవారితో ఒక మాట. మీ రీడ్‌మీ ఫైల్లో "పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ మార్చండి" అని రాసి ఊరుకుంటే అది సగం చిరునామా. సగం చిరునామా రాసినవాడిదే తప్పు, దారి తప్పినవాడిది కాదు. కొత్తగా చేరినవాళ్లు మూడు రోజులు తిరిగి తిరిగి, తమకే చేతకాదని లోలోపల కుంగిపోయి, ఆ మాట పైకి చెప్పలేక ఉంటారు. తెలుగు మీడియంలో చదివి, హిందీ ఇంకా నోరు తిరగక, ఇంగ్లీషులో అడగడానికి జంకే పిల్లలు మరీ. వాళ్ల మూడు రోజులు మీ అయిదు నిమిషాలతో మిగులుతాయి.

రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే మీ ప్రాజెక్టు రీడ్‌మీ తెరవండి. అందులో ఉన్న ప్రతి ఫైలు దారికీ ముందు, అది ల్యాప్‌టాప్‌లోదా, ఏ కంటెయినర్‌లోదా అని ఒక్క మాట చేర్చండి. దాన్ని ఎవరు చదువుతారో, మార్చాక ఏది మళ్లీ నడపాలో ఇంకొక్క వరుస రాయండి. మీ పక్క సీటులో ఈ నెలే చేరిన కుర్రాడో అమ్మాయో ఉంటే, రాసినదాన్ని ముందు వాళ్లకు చదివి వినిపించి, అర్థమైందో లేదో అడగండి.